పొడి లాకు

ఫిబ్రవరి 2

కింది కాలువ నాకే వచ్చింది. ఇంజనీరు మేడమ్ మ్యాపు మీద వేలు పెట్టి, పెద్ద వంతెన దగ్గర నుంచి కాలువ నదిలో కలిసే దాకా నీది అన్నారు. పడవల్ని ఎత్తు నుంచి పల్లానికీ పల్లం నుంచి ఎత్తుకూ దాటించే నాలుగు పాత లాకులు, రాతి వంతెనలు, గట్టు గోడలు, పడవలు కట్టేసే రాతి గుంజలు. అన్నీ చూడాలి, కొలవాలి, ఫొటోలు తీయాలి.

మూడో లాకు తీసేది మా నాన్నేనని చెప్పాను. చెప్పకుండా ఉండటం సరి కాదనిపించింది.

"తెలుసు. అందుకే నిన్ను వేశాను. లాకుల దగ్గర మనుషులు నన్ను చూస్తే లేచి నిలబడి సరేనండి అంటారు. నీతో అయితే మాట్లాడతారు" అన్నారు.

ఈ ఏడాది ఒక్క లాకుకే కొత్త తలుపులు. వచ్చిన కలప అంతే. నాలుగింటిలో తలుపులు ఎక్కువ కారుతున్న దానికి ఇస్తారు. నీటి పైన ఉన్న కర్రను ఎవరైనా చూడొచ్చు, నీటి కింద కర్ర ఎంత పుచ్చిందో కారే నీరే చెప్పాలి అని మేడమ్ అన్నారు. మాట బాగుందని రాసుకున్నాను.

ఆఫీసులో రాసేవి ఆఫీసువి. ఇది నాది. మా ఇంట్లో చదవడం వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే కాబట్టి దాచే పని కూడా లేదు. బల్ల మీదే పెడతాను. అమ్మ దీని మీద టీ గ్లాసు పెడుతుంది.

ఫిబ్రవరి 4

మొదటి లాకు, రెండో లాకు అయిపోయాయి. రెండూ ఒక మోస్తరుగా కారుతున్నాయి. గోడలు నిట్టనిలువుగా ఉన్నాయి. సున్నం రాలిపోయిన చోట కూడా రాయి జరగలేదు.

కొలిచే పద్ధతి తేలికే. పై తలుపులకూ కింది తలుపులకూ మధ్య ఉండే లాకు తొట్టిలో నీళ్ళు కిందికి వదిలేసి, తూములు బిగించి, రెండు జతల తలుపులూ మూసి కూర్చోవాలి. పై తలుపుల సందుల్లోంచి కారిన నీళ్ళతో తొట్టి మెల్లగా నిండుతుంది. గోడలోని కొలత రాయి మీద అంకెలు చెక్కి ఉన్నాయి. నీళ్ళు ఎంత త్వరగా అంకెలెక్కితే తలుపులు అంత పాడైనట్టు.

రెండో లాకు పక్క వంతెన కింద, మూల రాయికి లోతైన గాడులు ఉన్నాయి. మనుషులు గట్టు మీద నడుస్తూ పడవల్ని లాగినప్పుడు తాడు ఒరుసుకుని పడినవి. నా బొటనవేలు ఒకదానిలో పూర్తిగా పట్టింది. తాడు తగిలి రాయి అరిగితే, ఆ తాడు మోసిన భుజాలు ఎలా ఉండేవో. ఇది రిపోర్టులో రాసే మాట కాదు.

ఫిబ్రవరి 5

బాబాయిది నాలుగో లాకు. నన్ను చూడగానే కుర్చీ తుడిచి వేశాడు, తర్వాత తనే అందులో కూర్చున్నాడు.

"ఏమ్మా సర్కారు వారూ, మా ముసలిదాన్ని చూడ్డానికొచ్చావా?"

"తలుపులు మూయి బాబాయ్. కొలవాలి."

"మూసే ఉన్నాయి. మూసినా తెరిచినా దానికొకటే."

నిజమే. తలుపుల మధ్య సందులోంచి నీళ్ళు విసనకర్రలా చిమ్ముతున్నాయి. తొట్టి నిండుతున్నంతసేపూ బాబాయి పక్కనే కూర్చుని దాన్ని తిట్టాడు. "కారనీ అమ్మా, కారనీ. ఆ వయసులో ఎవరికి కారదు? మీ నాయనకు మాత్రం ఈ మాట చెప్పకు, ఆయన లాకుకు ముక్కు కూడా కారదు."

చివరికి వచ్చిన అంకె మొదటి రెండు లాకుల కంటే చాలా ఎక్కువ. కానీ కారుతున్నది తలుపుల మధ్య సందు ఒక్కటే. గోడ వైపు నిలువు దుంగలు గట్టిగా ఉన్నాయి, ఇనుప చువ్వతో పొడిచినా దిగలేదు. తలుపు బరువంతా ఆ దుంగల మీదే ఉంటుంది. రాతిలో తొలిచిన గూట్లో అవి తిరుగుతాయి.

ఫిబ్రవరి 6

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

ఫిబ్రవరి 7

నిన్న ఒక్క వాక్యం రాసి పడుకున్నాను. జరిగింది ఇది.

భోజనం దగ్గర, ఎక్కువ కారే లాకుకే కొత్త తలుపులు ఇస్తారని నాన్నతో అన్నాను. ఆయన సంతోషిస్తాడనుకున్నాను. మా లాకు తలుపులు తాత కాలం నాటివి. ఎడమ తలుపు తోస్తుంటే లోపల ఏదో నలిగిన చప్పుడు రెండేళ్ళుగా వస్తోంది. నాన్న రోజూ ఆ తలుపు మీది పలక పైన నడిచే అవతలి గట్టుకు వెళతాడు. వేరే దారి లేదు.

"అయితే తమ్ముడికి ఇవ్వండి. నా లాకు కారదు" అన్నాడు.

"కారదట! మొన్న పలక మీద నిలబడితే నా పాదాలు తడిశాయి" అంది అమ్మ.

"వాన పడి ఉంటుంది."

"కింద నుంచి పడిందా వాన?"

నాన్న నవ్వలేదు. ఈ కాలువ మీద పడవల వాళ్ళు మా దాన్ని పొడి లాకు అంటారు. తాత కాలంలో పెట్టిన పేరు. మూడో లాకు అంటే ఎవరికీ తెలియదు, పొడి లాకు అంటే నది దాకా తెలుసు.

నేను మళ్ళీ చెప్పాను. కారితేనే మేలు నాన్నా, కారితేనే ఇస్తారు అని. అప్పుడు ఆయన కంచంలోంచి తలెత్తి, "నీ ఆఫీసు వాళ్ళ ముందు నీ తండ్రి తలుపు కారుతూ నిలబడితే నీకు చిన్నతనం కాదూ?" అన్నాడు.

కాదు అనాలి. అన్నం కలుపుకున్నాను.

ఫిబ్రవరి 9

పొడి లాకు కొలిచాం. మేడమ్ కూడా వచ్చారు.

నాన్న మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, గట్టు మీద గడ్డి పీకి, రాళ్ళు కడిగి ఉంచాడు. నన్ను చూసి, "అమ్మాయి గారూ, అటు నాచు ఉందండి, జాగ్రత్త" అన్నాడు. నవ్వొచ్చింది. ఆయన మాత్రం నవ్వకుండా అన్నాడు.

తొట్టి ఖాళీ చేశాం, పై తలుపులు మూశాం. నీళ్ళు కదల్లేదు. మేడమ్ వాచీ చూసుకున్నారు, కొలత రాయి చూశారు, తలుపుల దాకా వెళ్ళి చెవి పెట్టి విన్నారు. చుక్క చప్పుడు లేదు.

"ఇంత పాత తలుపుల్ని ఇలా ఉంచడం నేను చూడలేదు" అన్నారు నాన్నతో.

"మా నాయన నేర్పిందండి" అన్నాడు నాన్న. చెవులు ఎర్రబడ్డాయి.

పై తలుపులకు అవతల, నీటి మీద గోడను ఆనుకుని బూడిద రంగు చార ఒకటి ఉంది. కడిగిన రాళ్ళ మధ్య, ఒక రాయి అంచున పొయ్యి బూడిద కొంచెం అంటుకుని ఉంది. పొయ్యి బూడిద ఎక్కడైనా పోస్తారు.

బూడిదలో రంపపు పొట్టు కలిపి తలుపుల పైవైపు నీళ్ళలో చల్లితే, కారే నీరే దాన్ని సందుల్లోకి లాక్కుంటుంది. రెండు మూడు రోజులు తలుపు పొడిగా ఉంటుంది. చిన్నప్పుడు బుట్ట మోసింది నేనే. లాకుల వాళ్ళందరూ ఎండాకాలం నీరు పొదుపు చేయడానికి చేసే పనే ఇది. మోసం అనడానికి లేదు. పైగా నాన్న ఎప్పుడు చల్లాడో, అసలు చల్లాడో లేదో నేను చూడలేదు.

తలుపులు పొడి అని రాశాను. కింద నా సంతకం.

ఫిబ్రవరి 10

కొలత సరైనదే. కొలిచినప్పుడు నీళ్ళు పెరగలేదు.

ఫిబ్రవరి 12

సెలవు. ఇంటి దగ్గరే ఉన్నాను. తలుపు మళ్ళీ కారుతోంది. ఈసారి చప్పుడు వంటింట్లోకి కూడా వినిపిస్తోంది.

వెళ్ళి చూశాను. మధ్య సందు పరవాలేదు. ఎడమ తలుపు నిలువు దుంగ దగ్గర, గోడను ఆనుకుని, నా మణికట్టంత లావున నీళ్ళు పైకి బుగ్గలా తన్నుతున్నాయి. తొట్టి ఖాళీగా ఉన్నప్పుడు నిచ్చెన మీద సగం దిగి, అందిన చోట చువ్వతో పొడిచాను. సబ్బులో దిగినట్టు దిగింది. బయటికి లాగితే చివర నల్లటి పీచు వచ్చింది.

నేను కిందే ఉన్నాను, నాన్న పైన పలక మీద అవతలికి నడిచాడు. ఆయన మధ్యకు వచ్చేసరికి తలుపు గోడకేసి ఒక్కసారి ఒదిగింది. కొంచెమే.

"నాన్నా, పలక దిగు."

"ఏం?"

"దిగు ముందు."

దిగాడు, నిదానంగా, నా మాట విన్నట్టు కాకుండా తన పని అయినట్టు. మళ్ళీ కొలిపిద్దాం అన్నాను. బూడిద ఊసు ఎత్తలేదు. ఆయనే ఎత్తాడు.

"చల్లాను. అయితే? మీ మేడమ్ చెవి పెట్టి విన్నప్పుడు నీ ముఖం నువ్వు చూసుకోలేదు. నేను చూశాను. వెలిగిపోయింది."

"ఆ ముఖం కోసం నువ్వు నీళ్ళలో పడతావా?"

"నలభై ఏళ్ళుగా పడలేదు. ఇంకా ఏంటంటే, పొడి అని నా కూతురు చేత్తో రాసింది అని నది దాకా చెప్పాను. ఇప్పుడు కాదంటే నేను అబద్ధాలకోరునా, నువ్వా? నువ్వే తేల్చు."

చువ్వ తుడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఫిబ్రవరి 13

అమ్మ బట్టలు మడతపెడుతూ అడిగింది. "ఆ కాగితంలో ఏం రాశావే?"

"కారడం లేదని."

"చూసే రాశావా?"

"చూసింది రాశాను."

అమ్మ చేతిలోని చొక్కా మడతపెట్టింది. తర్వాత, "ఆయన నీ పరువు కోసం చల్లాడు. నువ్వు ఆయన పరువు కోసం రాశావు. బాగానే ఉంది. మీ ఇద్దరి మధ్య ఆ తలుపుకు ఏం తెలుసని?" అంది. మడతపెట్టిన చొక్కా మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

నేను బయటికి వెళ్ళి గట్టు గోడ రాళ్ళ కొలతలు సరిచూసుకున్నాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఫిబ్రవరి 16

కొత్త తలుపులు బాబాయి లాకుకు. మేడమ్ ఇవాళ చెప్పారు. జాబితాలో నాన్న లాకు పేరుకు ఎదురుగా "మంచి స్థితి, ఐదేళ్ళ తర్వాత చూడాలి" అని రాశారు. నా కొలతను బట్టే.

సాయంత్రం ఆ మాట నేనే బాబాయికి చెప్పాను. ఎగిరి గంతేస్తాడనుకుంటే, చేతిలో తాడు ముడి విప్పుతూ ఉండిపోయాడు.

"అన్నయ్య బూడిద చల్లాడా?"

నేను తాడు రెండో కొస పట్టుకున్నాను.

"నేనూ చల్లేవాణ్ణే. బద్ధకం వేసింది. బద్ధకం కూడా ఒక్కోసారి పనికొస్తుంది చూశావా?" అని తనే నవ్వాడు. తర్వాత నవ్వు ఆపేశాడు. "ఇదిగో, నా తలుపులు కారుతాయి గానీ నన్ను మోస్తాయమ్మా. ఆయనవి మోయవు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు, నీకూ తెలుసు. తెలియనిది మీ మేడమ్ ఒక్కరికే. ఆవిడ చేతిలోనేమో కలప ఉంది."

"నువ్వే వద్దని చెప్పొచ్చుగా బాబాయ్."

"చెబుతా. ఎందుకు వద్దంటే ఏం చెప్పను? మా అన్న దొంగ లెక్క చూపించాడు, మా అమ్మాయి దాని మీద సంతకం చేసింది అని చెప్పనా? అది నా నోట రాదు. నీ నోట రావాలి."

ఫిబ్రవరి 17

ఆఫీసుకు వెళ్ళాను. మేడమ్ గది తలుపు తీసే ఉంది. ఫొటోలు వరసలో పెట్టి వచ్చేశాను.

ఫిబ్రవరి 18

ఇవాళ కూడా.

చెబితే నన్ను తీసేయొచ్చు. మా ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి మనిషిని నేను. నాన్నకు ఈ వయసులో చెడ్డపేరు. రెండూ ఆలోచించాను. తలుపు ఇన్నేళ్ళు నిలిచింది, ఇంకో ఐదేళ్ళు నిలవదని ఎవరు చెప్పారు అని కూడా ఆలోచించాను. చువ్వ చెప్పింది.

ఫిబ్రవరి 19

సాయంత్రం ఇంటికి వస్తుంటే నాన్న పలక మీద ఉన్నాడు. ఆయన వెనక, గట్టున కట్టేసిన పడవ వాడి భార్య చంటిదాన్ని ఎత్తుకుని అదే పలక మీద అవతలికి వెళ్తోంది. నాన్న పక్కకు ఒదిగి, చెయ్యి చాపి, దాటించాడు. "రామ్మా, మా తలుపులు రాయి లాంటివి, మా అమ్మాయి రాసిచ్చింది" అంటున్నాడు.

ఫిబ్రవరి 20

చెప్పాను.

మేడమ్ కూర్చోమనలేదు. కూర్చోవాలని నాకూ లేదు.

"మూడో లాకు మళ్ళీ కొలవాలండి. ఆ రోజు తలుపులకు ముందుగా బూడిద చల్లారు."

"ఎవరు?"

"మా నాన్న."

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆ రోజే."

మేడమ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. తిట్టలేదు. తిడితే తేలికగా ఉండేది. ఎడమ దుంగ సంగతి, చువ్వ సంగతి, చంటిపిల్ల సంగతి చెప్పాను. ఆవిడ వెంటనే ఫోను తీసి ఆ పలక మీద ఎవరూ నడవకుండా తాడు కట్టమని చెప్పారు. ఆ తర్వాత నా వైపు తిరిగారు.

"సోమవారం మళ్ళీ కొలుద్దాం. నువ్వే కొలుస్తావు. మొదటి కొలత ఎందుకు తప్పో కూడా నువ్వే రాసి సంతకం పెడతావు. ఆ తర్వాత పై కాలువకు వేరే మనిషిని చూసుకుంటాను."

పై కాలువ పని నాకు ఇస్తామని అన్నారు అంతకు ముందు. ఈ డైరీలో రాయలేదు, ఇంకా ఖాయం కాలేదని.

ఫిబ్రవరి 21

సోమవారం వస్తున్నాం అని నాన్నకు చెప్పాను. దాచి వెళ్ళి పట్టుకోవడం నా వల్ల కాదు. మళ్ళీ చల్లుకోవాలనుకుంటే చల్లుకోవచ్చు. పొయ్యి నిండా బూడిద ఉంది.

అమ్మతో, "దానికి టీ ఇవ్వు" అన్నాడు. నేను ఎదురుగానే ఉన్నాను.

ఫిబ్రవరి 22

పలకకు అడ్డంగా తాడు కట్టారు. నాన్న అవతలి గట్టుకు వెళ్ళాలంటే వంతెన దాకా నడిచి చుట్టూ తిరిగి వెళ్తున్నాడు. గట్టు మీద ఆయన వీపు చాలాసేపు కనిపించింది.

ఫిబ్రవరి 23, సోమవారం

వెళ్ళేసరికి బాబాయి కూడా వచ్చి ఉన్నాడు. ఎవరూ పిలవలేదు. అమ్మ ఇంటి గడపలో నిలబడింది.

నేను ముందు రాతి అంచులు చూశాను. చూడకూడదనుకుంటూనే చూశాను. శుభ్రంగా ఉన్నాయి. అయితే ఆ రోజు కూడా కడిగే ఉన్నాయి కదా.

నాన్న తూములు బిగించాడు. మేడమ్ వాచీ చూసుకున్నారు. ఒక నిమిషం ఏమీ లేదు. అప్పుడు ఎడమ గోడ మూలలో బుగ్గ లేచింది. చప్పుడు గోడలకు కొట్టుకుని రెండింతలైంది. నీళ్ళు కొలత రాయి మొదటి అంకె దాటాయి.

నేను కిందికి వంగబోతుంటే నాన్న అడ్డొచ్చాడు. తనే గట్టు అంచున కూర్చుని, రాయి మీదికి వంగి, అంకె చదివాడు. ఆయనకు అక్షరాలు రావు గానీ ఆ రాయి మీది అంకెలన్నీ వచ్చు. నీళ్ళు ఎక్కినప్పుడల్లా చదివాడు, అవతలి గట్టు మీద పడవల వాళ్ళకు కూడా వినపడేంత గట్టిగా. బాబాయి లాకు అంకె దాటింది. నాన్న గొంతు తగ్గించలేదు. నేను రాస్తూ పోయాను. ఒకసారి పెన్ను ఆగితే, ఆయన ఆ అంకెనే మళ్ళీ చదివి నా కోసం ఆగాడు.

మేడమ్ చాలన్నారు. నాన్న లేచి మోకాళ్ళు దులుపుకున్నాడు.

"నా తమ్ముడి లాకు కంటే ఎక్కువేనా అండీ?"

"చాలా ఎక్కువ" అన్నారు మేడమ్.

"హమ్మయ్య, అన్నయ్యే గెలిచాడు" అన్నాడు బాబాయి. ఎవరూ నవ్వలేదు. తర్వాత గడపలోంచి అమ్మ నవ్వింది.

మార్చి 1

మొదటి కొలత ఎందుకు తప్పో రాసిచ్చాను. అర పేజీ అయింది. ఉద్యోగం ఉంది. కొత్త తలుపులు నాన్న లాకుకు మార్చారు. పై కాలువకు వేరే అమ్మాయిని తీసుకున్నారు, మంచి అమ్మాయి.

మార్చి 19

లాకుకు పైన, రాతిలో తొలిచిన గాడుల్లో అడ్డుపలకలు దించి నీళ్ళు ఆపేశారు. పాత తలుపుల్ని క్రేనుతో లేపారు. కుడిది మొత్తంగా వచ్చింది. ఎడమది లేస్తుండగా నిలువు దుంగ మోకాలి ఎత్తున విరిగి, అడుగు ముక్క గూట్లోనే నిలబడిపోయింది. విరిగేటప్పుడు చప్పుడు కూడా రాలేదు.

తలుపును గడ్డి మీద పడుకోబెట్టారు. నాన్న దాని చుట్టూ ఒకసారి తిరిగి, విరిగిన చోట బొటనవేలు గుచ్చాడు. వేలు మొదటి కణుపు దాకా దిగింది. కాలువలో చెయ్యి కడుక్కున్నాడు. మధ్యాహ్నం భోజనానికి రాలేదు.

నెల రోజులుగా ఆయన నాతో అవసరమైన మాటలే మాట్లాడుతున్నాడు. నేనూ అంతే.

మార్చి 20

అడుగు ముక్క లాగేశారు. కొత్త తలుపులు రేపు. లోపలి రాళ్ళు చూసి రాయడం నా పనే, నిచ్చెన వేసుకుని దిగాను. నీళ్ళు లేని లాకు అడుగున ఆకాశం పొడుగ్గా, సన్నగా ఉంది. దుంగ తిరిగిన గూడు టార్చి వెలుగులో అద్దంలా మెరిసింది.

నాన్న పైన అంచు దగ్గరికి వచ్చాడు.

"గూడు ఎలా ఉంది?"

"బాగుంది."

"చెయ్యి పెట్టి చూశావా?"

లేదు. టార్చి వేసి చూశాను, అంతే. పెట్టాను. చల్లగా, నున్నగా ఉంది.

"నున్నగా ఉంది నాన్నా."

"కింద దాకా?"

మోకాళ్ళ మీద కూర్చున్నాను. బురదలో మోచేతి దాకా దిగింది చెయ్యి. అడుగు రాయికి కాస్త పైన వేలికి ఒక పగులు తగిలింది, గోరు పట్టేంత. రేపు తలుపు దించేస్తే అది ఇక ఎవరికీ కనిపించదు. చెబితే కొత్త తలుపులు ఒక వారం ఆలస్యమవుతాయి, ఎక్కువ కూడా కావచ్చు. పడవలు అప్పటి దాకా ఆగాలి. మేడమ్ మళ్ళీ రావాలి.

"పగులుంది" అన్నాను.

నేను చెయ్యి తీయకుండా అలాగే ఉన్నాను. తర్వాత నిచ్చెన కదిలింది. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి, నాన్న దిగి వస్తున్నాడు.